సిస్టమ్ టెస్టులు సర్దుతున్నాం, పేర్లు మారుస్తున్నాం: శ్రీకాకుళం నుంచి ప్రాజెక్టు డైరీ

అసలు పరిస్థితి ఏటంటే

మా గేట్‌వే సంగతి తెలియనివాళ్ళకి ముందు రెండు ముక్కలు. చిన్న లినక్స్ బాక్సు మీద నడిచే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది, లోపలి నెట్‌వర్క్‌కీ బయటి ఇంటర్నెట్‌కీ మధ్య గుమ్మం లాగ. లోపలివాళ్ళకి డీహెచ్‌సీపీ (మెషీన్లకి అడ్రసులు పంచేది) ఇస్తుంది, డీఎన్ఎస్ (సైటు పేరుకి అడ్రస్ చెప్పేది) ఫార్వర్డ్ చేస్తుంది, బయటికి రెండు అప్‌లింకులుంటే (ఇంటర్నెట్‌కి పోయే లైన్లు) ఎఫ్‌ఆర్‌ఆర్ అనే రూటింగ్ సాఫ్ట్‌వేర్ ని పెట్టుకుని ఓఎస్‌పీఎఫ్ గానీ బీజీపీ గానీ (రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతులు) నడుపుతుంది. శ్రీకాకుళంలో నేనూ మా తమ్ముడూ (పిన్ని కొడుకు, ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది), విజయనగరంలో ఒక అక్క, ఆవిడకి పగలంతా నెట్‌వర్క్ ఆపరేషన్స్ ఉద్యోగం, రాత్రి మా కోడ్ రివ్యూ. బయట నుంచి అప్పుడప్పుడూ ప్యాచులు పంపేవాళ్ళు కొందరున్నారు.

కోడ్ పర్లేదు, యూనిట్ టెస్టులూ (కోడ్ ముక్కల్ని విడివిడిగా చూసేవి) పర్లేదు. సిస్టమ్ టెస్టుల (మొత్తం నెట్‌వర్క్‌ని లేపి చూసేవి) ఫోల్డరే చూడలేం. అన్నీ ఒకే చోట వరసగా పడున్నాయి: "టెస్ట్1", "టెస్ట్2", "డీహెచ్‌సీపీ_కొత్తది", "డీహెచ్‌సీపీ_కొత్తది_ఫైనల్", "బగ్_41", "ఏడురోడ్లు", "తిత్లీ", "తిత్లీ_2", ఇంకా "రాత్రి" అని ఒకటి. ఈ "రాత్రి" ఎందుకో ఎవరికీ గుర్తు లేదు, తెరిచి చూస్తే బీజీపీ సెషన్ పడి మళ్ళీ లేచే దాకా చూసే టెస్టు, బాగా టైము తీసుకుంటుంది కాబట్టి రాత్రిపూట నడపమని పెట్టుంటారు.

(ఈ డైరీలో పేర్లన్నీ తెలుగులో రాస్తున్నా, రెపోలో (మా కోడ్ ఉండే చోటు) ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల్లోనే. తెలుగులో పెట్టే ప్రయత్నం కూడా జరిగింది, అది కిందన రాస్తా.)

"ఏడురోడ్లు" అంటే మనూరి వాళ్ళకి ఎవరికైనా వెలుగుతుంది, మధ్యలో ఒక రౌటర్, చుట్టూ ఏడు కొమ్మలు, ఏడు రోడ్ల జంక్షన్ లాగ. "తిత్లీ" కూడా అంతే, 2018 అక్టోబరు తుఫాను, పలాస వైపు ఏం మిగల్లేదు, కరెంటూ లేదు నెట్టూ లేదు. ఆ టెస్టు చేసే పని రెండు అప్‌లింకులూ ఒకేసారి పడగొట్టి, లోపలున్నవాళ్ళు డీఎన్ఎస్ అడిగితే క్యాష్‌లో ఉన్న పాత జవాబైనా ఇస్తున్నామా లేదా అని చూడటం. పేరు మంచిదే, మాకు. కానీ కిందటి నెల బయట నుంచి ప్యాచ్ పంపినాయన "తిత్లీ ఫెయిలవుతోంది, ఇదేంటి, నేను ముట్టుకున్నది డీహెచ్‌సీపీ కదా" అని అడిగాడు. పాపం ఆయన తప్పేముంది.

సర్దాలని అనుకోవడం ఎప్పటి నుంచో ఉంది. ఈసారి మొదలెట్టీసాం.

ముందు వేరేవాళ్ళు ఎలా పెట్టుకున్నారో చూడటం

మనకున్న బాధే అందరికీ ఉంటుంది కాబట్టి పెద్ద ప్రాజెక్టులు ఏం చేశాయో చూద్దామని మూడు రెపోలు దింపాం.

బైండ్ 9 (డీఎన్ఎస్ సర్వర్ సాఫ్ట్‌వేర్) ది ముందు చూశాం. దాంట్లో సిస్టమ్ టెస్టులు బిన్ కింద టెస్ట్స్, దాని కింద సిస్టమ్ అనే ఫోల్డర్లో ఉంటాయి, ఒక్కో టెస్టుకి ఒక్కో డైరెక్టరీ, లోపల ఎన్ఎస్1, ఎన్ఎస్2 అని సర్వర్ల ఫోల్డర్లు. దొంగ జవాబులు, వంకర జవాబులు ఇచ్చే ఉత్తుత్తి సర్వర్ కావాలంటే దానికి ఎన్ఎస్ అని కాకుండా ఏఎన్ఎస్ అని పెడతారు, అంటే ఫోల్డర్ పేరు చూడగానే ఇది అసలు నేమ్‌డ్ (బైండ్ సర్వర్ ప్రోగ్రాము) కాదు, నాటకం వేస్తోంది అని తెలిసిపోద్ది. నాకు అన్నిటికన్నా నచ్చింది అడ్రసుల పద్ధతి. లూప్‌బ్యాక్ (మెషీన్ తనతో తానే మాట్లాడుకునే ఇంటర్‌ఫేస్) మీద 10.53.0.1, 10.53.0.2 ఇలా వేసుకుంటారు, ఎన్ఎస్3 అంటే 10.53.0.3. లాగ్‌లో అడ్రస్ కనపడితే ఏ సర్వరో వెతుక్కోనక్కర్లేదు. మనం అడ్రసుని పేరు అనుకోం గానీ లాగ్ చదివేవాడికి అదీ పేరే.

ఎఫ్‌ఆర్‌ఆర్ వాళ్ళవి టోపోటెస్టులు. ఇక్కడా ఒక్కో టెస్టుకి ఒక డైరెక్టరీ, ఆర్1, ఆర్2 అని రౌటర్ల కాన్ఫిగ్ ఫోల్డర్లు, టెస్టు రాసేది పైథాన్‌లో, నడిపేది పైటెస్ట్ అనే టూలు. రౌటర్లన్నీ నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌ల్లో (ఒకే లినక్స్ లోపల విడివిడి నెట్‌వర్క్ గదుల్లాంటివి) ఒకే మెషీన్‌లో లేస్తాయి. డైరెక్టరీ పేర్లు చాలామటుకు బీజీపీ_ అని, ఓఎస్‌పీఎఫ్_ అని ప్రోటోకాల్‌తో మొదలవుతాయి, అందుకే లిస్టు తీస్తే వాటంతట అవే గుంపులు గుంపులుగా వస్తాయి. పైగా ఫైలు మీద ఈ టెస్టుకి ఏ డెమన్లు (వెనకాల నడిచే ప్రోగ్రాములు) కావాలో చెప్పే మార్కర్లు (టెస్టుకి అంటించే చీటీల్లాంటివి) కూడా ఉంటాయి.

మూడోది లినక్స్ కెర్నల్ సెల్ఫ్‌టెస్టులు, నెట్ ఫోల్డర్ కింద ఫార్వర్డింగ్ అని ఒకటుంది. అక్కడ షెల్ స్క్రిప్టులే, కానీ చాలా ఫైళ్ళ నెత్తిన టోపాలజీ (ఏది దేనికి తగిలి ఉందో ఆ అమరిక) బొమ్మ ఉంటుంది, గీతలూ ప్లస్ గుర్తులతో కామెంట్‌లోనే గీసి, ఏ పోర్టు ఎక్కడ తగిలిందో, ఏ అడ్రస్ ఎక్కడుందో అన్నీ. హోస్టులు హెచ్1, హెచ్2, స్విచ్ పోర్టులు ఎస్‌డబ్ల్యూపీ1, ఎస్‌డబ్ల్యూపీ2. తమ్ముడు ఆ బొమ్మ చూసి "అన్నా, మనకి డాక్యుమెంటేషన్ రాయక్కర్లేదు, ఈ బొమ్మ చాలు" అన్నాడు. రాయక్కర్లేదన్నది వాడి ఆశ. బొమ్మ సంగతి మాత్రం ఖాయం చేసుకున్నాం, ప్రతి ఫోల్డర్‌కీ ఉండాల్సిందే.

ఫోల్డర్ దేన్ని బట్టి?

ఇక్కడ మొదలైంది అసలు వాదన. మూడు దారులు.

ఒకటి ఫీచర్ బట్టి: డీహెచ్‌సీపీ, డీఎన్ఎస్, రూటింగ్. రెండు బగ్ నంబర్ బట్టి: ఏ ఇష్యూకి రాశామో ఆ నంబరు. మూడు టోపాలజీ బట్టి: ఒకే రౌటర్, రెండు అప్‌లింకులు, వరస గొలుసు, నక్షత్రం.

తమ్ముడిది బగ్ నంబర్ పార్టీ. వాడి లెక్క ఏటంటే నంబర్ ఉంటే ఇష్యూకి పోయి మొత్తం కథ చదువుకోవచ్చు, పేరు గురించి తన్నుకోవాల్సిన పని లేదు. అక్క ఫోన్లోనే ఉంది, వెంటనే అంది:

"ఒరే, రాత్రి పదకొండింటికి నాకు మెయిలొస్తాది, బగ్ 41 ఫెయిల్ అని. నాను మంచం మీద పడుకుని ఫోన్లో సూస్తన్నాను. ఆ నంబరు సూసి నాకేటి తెలుస్తాది? లేసి లాప్‌టాప్ తెరవాల. అదే డీహెచ్‌సీపీ లీజు రెన్యూ అవట్లేదు అని ఉంటే పడుకోవాలో లేవాలో నాకు తెలిసిపోద్ది కదా."

ఇంక దానికి తిరుగు లేదు. టెస్టు పాసైనన్నాళ్ళూ దాని పేరు ఎవడూ చదవడు, చదివేది ఫెయిలైన రోజే, అప్పుడు చదివేవాడికి టైమూ ఉండదు ఓపికా ఉండదు, పైగా ఆ టెస్టు రాసింది వాడు కాదు. కాబట్టి పేరు ఆ మనిషి కోసం పెట్టాలి. బగ్ నంబర్ పారేయక్కర్లేదు, మార్కర్‌గా టెస్టు మీద పెడతాం, రిపోర్టులో కనపడుతుంది, వెతికితే దొరుకుతుంది.

మిగిలింది ఫీచరా టోపాలజీయా అని. ఫీచర్ బట్టే చెయ్యాలని మొదట నాకూ ఉండేది, డీహెచ్‌సీపీ టెస్టులన్నీ డీహెచ్‌సీపీలో ఉంటే బావుంటుంది కదా అని. కానీ సిస్టమ్ టెస్టులో ఖరీదైన పని నెట్‌వర్క్ లేపడం. నేమ్‌స్పేస్‌లు పెట్టి, వెత్ జతలు (రెండు కొసలున్న ఉత్తుత్తి కేబుళ్ళు) తగిలించి, డెమన్లు లేపి, ఓఎస్‌పీఎఫ్ నైబర్లు ఫుల్ స్టేట్‌కి వచ్చేదాకా ఆగడం. ఒకసారి లేపాక దాని మీద పది ప్రశ్నలు అడగొచ్చు. రెండు అప్‌లింకుల నెట్‌వర్క్ మీద డీఎన్ఎస్ ప్రశ్న అడగాలి, రూటింగ్ ప్రశ్న అడగాలి, నాట్ (లోపలి అడ్రసుని బయటి అడ్రసుగా మార్చడం) ప్రశ్న అడగాలి. ఫీచర్ బట్టి విడగొడితే అదే నెట్‌వర్క్‌ని మూడు ఫోల్డర్లలో మూడుసార్లు కాపీ చెయ్యాలి, తర్వాత ఒకదాంట్లో కాన్ఫిగ్ మార్చి రెండోదాంట్లో మర్చిపోతాం, ఇది మాకు ఇప్పటికే అనుభవం.

అందుకని తేల్చింది: డైరెక్టరీ అంటే టోపాలజీ, దాని కాన్ఫిగ్‌తో సహా. లోపలి ఫైలు అంటే ఫీచర్. ఫైల్లో ఒక్కో ఫంక్షన్ ఒక్కో ప్రవర్తన. ఉదాహరణకి "రెండు_అప్‌లింకులు" ఫోల్డర్, అందులో "టెస్ట్_రెండు_అప్‌లింకులు_డీఎన్ఎస్" ఫైలు. ఫైలు పేరులో ఫోల్డర్ పేరు మళ్ళీ ఎందుకు అని అడగొచ్చు. పైటెస్ట్ మామూలు ఇంపోర్ట్ పద్ధతిలో, ఫోల్డర్లలో ఇనిట్ ఫైలు (ఇది పైథాన్ ప్యాకేజీ అని చెప్పేది) లేకపోతే, రెండు ఫోల్డర్లలో ఒకే పేరున్న టెస్టు ఫైళ్ళుంటే రెండోదాని దగ్గర "ఇంపోర్ట్ ఫైల్ మిస్‌మ్యాచ్" అని ఆగిపోద్ది. ఇనిట్ ఫైళ్ళు పెట్టినా, ఇంపోర్ట్ మోడ్ మార్చినా సరిపోతుంది, కానీ రిపోర్టులో ఒక్కోసారి ఫైలు పేరే కనపడుతుంది ఫోల్డర్ కనపడదు, అలాంటప్పుడు పొడుగు పేరే మేలని అలాగే ఉంచీసాం.

బగ్ కోసమే పుట్టిన వింత టోపాలజీలు కొన్ని ఉన్నాయి, వాటికి "వింతలు" అని ఒక ఫోల్డర్ అడిగాడు తమ్ముడు. ఒప్పుకోలేదు నేను. అలాంటి ఫోల్డర్ ఒకటి పెడితే ఆర్నెల్లలో అన్నీ అందులోకే పోతాయి.

రైలు స్టేషన్లు, పదిహేను అక్షరాలు

గొలుసు టోపాలజీ ఒకటుంది, ఎనిమిది రౌటర్లు వరసగా. దానికి పాత స్క్రిప్టులో రౌటర్ల పేర్లు మన లైన్లో స్టేషన్లు: విజయనగరం, నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, పొందూరు, ఆమదాలవలస, కోటబొమ్మాళి, నౌపడ. అన్నీ వెయ్యలేదు కానీ వరస సరిగ్గా ఉంది. నౌపడ దగ్గర గుణుపూర్ వైపు ఒక కొమ్మ కూడా ఉంది, నిజం లైన్లో ఉన్నట్టే. పెట్టినవాడికి దండం పెట్టొచ్చు, ఎందుకంటే లోకల్ మనిషికి పేరు చదవగానే ఏది ఏ పక్కనుందో మ్యాప్ అక్కర్లేకుండా తెలుస్తుంది, పొందూరు నుంచి గరివిడి పోవాలంటే చీపురుపల్లి దాటాలి అంతే.

కానీ దీంట్లో ఒక చిక్కుంది. ఈ స్క్రిప్టు ఇంటర్‌ఫేస్ పేరుని రౌటర్ పేరు, తర్వాత హైఫన్, ఈటీహెచ్0 అని కడుతుంది. లినక్స్‌లో ఇంటర్‌ఫేస్ పేరు పదహారు బైట్లు, పేరు అయిపోయిందని చెప్పే చివరి సున్నా పోతే పదిహేను అక్షరాలు. ఇంగ్లీషు స్పెల్లింగులో విజయనగరం పన్నెండు అక్షరాలు, తోక ఐదు, పదిహేడయింది, కెర్నల్ ఒప్పుకోదు. చీపురుపల్లీ పన్నెండే. కోటబొమ్మాళి పదకొండు, అదీ పోయింది. నెల్లిమర్ల పది, సరిగ్గా పదిహేనుకి అంచు మీద కూచుంది. అందుకే పాత స్క్రిప్టులో విజయనగరం మాత్రం "వీజెడ్‌ఎన్‌జీఆర్ఎమ్" అని అచ్చులు పీకీసి ఉంది, చీపురుపల్లి ఇంకోలా కత్తిరించి ఉంది, గ్రెప్ చేస్తే (ఫైళ్ళలో పేరు వెతికితే) ఏదీ దొరకదు.

స్టేషన్ కోడ్లు వాడదాం అన్నాను నేను. విజయనగరం వీజెడ్‌ఎమ్, పలాస పీఎస్ఏ, నౌపడ ఎన్‌డబ్ల్యూపీ, అన్నీ మూడక్షరాలు, టికెట్ మీద చూసినవే. శ్రీకాకుళం రోడ్ మాత్రం సీహెచ్ఈ, చికాకోల్ అనే పాత పేరు నుంచి వచ్చింది. అక్క నవ్వింది. "మన గుంటలకే శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఆమదాలవలసలో ఎందుకుందో తెలీదు, బయటోడికి సీహెచ్ఈ అంటే ఏటి తెలుస్తాది?" నిజమే.

చివరికి బోరింగ్‌గా ఆర్1, ఆర్2, ఆర్3. హోస్టులు హెచ్1, హెచ్2. బ్రిడ్జిలు ఎస్1. ఎడమ నుంచి కుడికి నంబర్లు పెరగాలి, బొమ్మలో కూడా అదే వరస. అడ్రసులు బైండ్ వాళ్ళని చూసి: ఆర్1, ఆర్2 మధ్య లింకు 10.0.12.0/24, ఆర్2, ఆర్3 మధ్య 10.0.23.0/24, ఆఖరి ఆక్టెట్ రౌటర్ నంబరు. అంటే 10.0.23.3 అని లాగ్‌లో వస్తే అది ఆర్3, ఆర్2 వైపు చూస్తున్న కాలు. "బయట ఇంటర్నెట్" పాత్ర వేసే వాటికి మాత్రం డాక్యుమెంటేషన్ కోసం పక్కన పెట్టిన బ్లాకులు, 192.0.2.0/24, 198.51.100.0/24, 203.0.113.0/24, ఏఎస్ నంబర్లు (బీజీపీలో ఒక్కో నెట్‌వర్క్‌కి ఉండే నంబరు) కూడా 64496 నుంచి 64511 లోపువే. పాత టెస్టుల్లో ఎవరో నిజం పబ్లిక్ డీఎన్ఎస్ సర్వర్‌కే ప్యాకెట్లు పంపేవారు, నెట్ లేనప్పుడు టెస్టు ఫెయిల్, నెట్ ఉన్నప్పుడు పాస్, మరి అది మన సాఫ్ట్‌వేర్‌ని పరీక్షిస్తోందా ఇంటర్నెట్ కంపెనీని పరీక్షిస్తోందా.

ఇంటర్‌ఫేస్ పేర్ల గోల అసలు ఎందుకొచ్చిందంటే పాత స్క్రిప్టు వెత్ జతని ముందు హోస్టు నేమ్‌స్పేస్‌లో పుట్టించి తర్వాత లోపలికి తోసేది, అందుకని ప్రతి పేరూ వేరుగా ఉండాల్సి వచ్చింది. ఐపీ లింక్ కమాండ్‌తో రెండు కొసల్నీ నేరుగా రెండు నేమ్‌స్పేస్‌ల్లోనే పుట్టించొచ్చు, అప్పుడు ప్రతి రౌటర్లోనూ ఈటీహెచ్0 ఉండొచ్చు, ఎవరూ ఎవరికీ అడ్డం రారు. నేమ్‌స్పేస్ పేర్లు మాత్రం మెషీన్ మొత్తానికి ఉమ్మడి, రెండు టెస్టులు పక్కపక్కన నడిస్తే ఇద్దరి ఆర్1 గుద్దుకుంటాయి, కాబట్టి వాటికి ముందర రన్ గుర్తు తగిలించాం. స్టేషన్ల గొలుసుని పారేయడానికి మనసొప్పలేదు, కాలేజీ పిల్లలకి చూపించే డెమో ఫోల్డర్లో పెట్టాం, అక్కడ ఉండనీ.

ఫంక్షన్ పేరు: ఏం జరిగితే ఏం కావాలి

ఇక్కడ ఎక్కువ టైము పట్టింది, పట్టాలి కూడా.

పాత పేర్లు "టెస్ట్_ఫెయిలోవర్", "టెస్ట్_రెన్యూ", "టెస్ట్_డీఎన్ఎస్_బేసిక్" లాంటివి. ఇవి టాపిక్ చెప్తాయి, విషయం చెప్పవు. కొత్త నియమం: పరిస్థితి, తర్వాత జరగాల్సింది. పేరు మొత్తం చదివి "కాలేదు" అని చివర తగిలిస్తే బగ్ రిపోర్టు టైటిల్ అయిపోవాలి.

ఫెయిలోవర్‌నే తీసుకోండి. తెరిచి చూస్తే లోపల రెండు వేరే వేరే విషయాలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి లింకు నిజంగా పడటం: వెత్ ఒక కొస డౌన్ చేస్తే అవతలి కొసకి క్యారియర్ (లింకు ఉందనే సంకేతం) పోతుంది, నేరుగా తగిలిన ఈబీజీపీ (వేరే ఏఎస్‌తో నడిపే బీజీపీ) సెషన్ వెంటనే పడిపోతుంది, రూట్ మారిపోతుంది. రెండోది లింకు పచ్చగానే ఉంది, లైటు వెలుగుతోంది, కానీ ప్యాకెట్లు ఎక్కడో మింగబడుతున్నాయి. టెస్టులో ఇది టీసీ నెటెమ్‌తో (కావాలని ప్యాకెట్లు పారేయించే లినక్స్ టూలు) వంద శాతం లాస్ పెట్టి చేస్తాం. ఇప్పుడు ఎవరికీ ఏమీ తెలియదు, బీజీపీ తన హోల్డ్ టైమర్ (అవతలివాళ్ళు పలక్కపోతే ఎంతసేపు ఆగాలో ఆ గడువు) అయిపోయేదాకా ఆగుతుంది, ఎఫ్‌ఆర్‌ఆర్ మామూలు డిఫాల్ట్‌లో అది 180 సెకన్లు. ఓఎస్‌పీఎఫ్ అయితే హలో (ఉన్నానని పలకడం) 10 సెకన్లకోసారి, డెడ్ (పోయిందనుకునే గడువు) 40. ఫీల్డులో ఎక్కువ ఏడిపించేది ఈ రెండోదే, మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ని మామూలు కేబుల్‌కి కలిపే డబ్బా) సగం చచ్చినప్పుడు అచ్చం ఇలాగే ఉంటుంది. రెండిటికీ ఒకే పేరు పెట్టి ఒకే ఫంక్షన్‌లో కుక్కితే, ఫెయిల్ అయినప్పుడు ఏది పోయిందో లాగ్ తవ్వాలి. ఇప్పుడు రెండుగా విడగొట్టాం:

"టెస్ట్_లింకు_డౌన్_అయితే_రూట్_రెండో_అప్‌లింకుకి_మారాలి"

"టెస్ట్_లింకు_అప్‌లో_ఉండి_ప్యాకెట్లు_పోతే_హోల్డ్‌టైమ్_తర్వాత_రూట్_మారాలి"

పొడుగే. పర్లేదు. రెండోదాంట్లో "హోల్డ్‌టైమ్ తర్వాత" అని రాశాం గానీ ఎన్ని సెకన్లో పేరులో పెట్టలేదు, టెస్టులో పలకరింపు టైమర్ మూడు, హోల్డ్ టైమర్ తొమ్మిది సెకన్లకి తగ్గించి నడుపుతాం, రేపు ఎవడో అది మారిస్తే పేరు అబద్ధం అయిపోద్ది. అంకెలు పేరులోకి రాకూడదు, ఆ అంకె ప్రోటోకాల్‌లోనే ఉంటే తప్ప.

"టెస్ట్_రెన్యూ" కూడా ఇలాగే చీల్చాం. డీహెచ్‌సీపీలో లీజు (అడ్రస్ వాడుకోడానికి ఇచ్చిన గడువు) సగం అయ్యాక క్లయింటు తనకి అడ్రస్ ఇచ్చిన సర్వర్‌నే యూనికాస్ట్‌లో అడుగుతుంది, అది పలక్కపోతే 0.875 వంతు అయ్యాక ఎవరైనా పలకండి అని బ్రాడ్‌కాస్ట్ చేస్తుంది, ఇది ఆర్ఎఫ్‌సీ 2131 (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) లో ఉన్నదే. టెస్టులో లీజు 40 సెకన్లు పెడితే ఇరవయ్యో సెకనులో మొదటిది, ముప్పై ఐదులో రెండోది. మా సర్వర్ మొదటిదానికి బాగానే పలికేది, రెండోదానికి పలికిందో లేదో పాత టెస్టు అసలు చూడలేదు, ఎందుకంటే మొదటిది పాసైతే టెస్టు అయిపోయేది. పేరు విడగొట్టబోతేనే ఈ ఖాళీ కనపడింది.

"తిత్లీ" కొత్త పేరు "టెస్ట్_అప్‌లింకులు_రెండూ_పడితే_డీఎన్ఎస్_పాత_జవాబు_ఇవ్వాలి". "తిత్లీ_2" చూస్తే ఆ పాత జవాబుకి టీటీఎల్ (ఎంతసేపు దాచుకోవచ్చో చెప్పే గడువు) చిన్నదిగా పెడుతున్నామా అని, ఆర్ఎఫ్‌సీ 8767 అయితే 30 సెకన్లు పెట్టమంటుంది. ఇది "పాత_జవాబుకి_టీటీఎల్_ముప్పై" అయింది, ఇక్కడ అంకె ప్రోటోకాల్‌ది కాబట్టి ఒప్పుకున్నాం. ఫైలు పైన కామెంట్‌లో ఒక లైను మాత్రం ఉంచాం, పాత పేరు తిత్లీ అని, 2018 లో ఎందుకు రాశారో. తీసెయ్యడం నాకు ఇష్టం లేదు.

జరగకూడనివి చూసే టెస్టులకి పేరులో "కూడదు" కచ్చితంగా ఉండాలి. "టెస్ట్_అతిథి_వైఫై_ఆఫీసు_నెట్‌వర్క్" అని ఒకటి ఉండేది. అతిథి నుంచి ఆఫీసుకి పోవాలా పోకూడదా? పేరు చూసి చెప్పలేం. ఇప్పుడు "అతిథి_నుంచి_ఆఫీసుకి_ప్యాకెట్_పోకూడదు". ఇలాంటి టెస్టుకి ఇంకో జాగ్రత్త, పింగు పోలేదు అంటే పాస్ అని రాస్తే నెట్‌వర్క్ అసలు లేవకపోయినా పాసవుతుంది, అందుకని అదే ఫంక్షన్‌లో ముందు పోవాల్సిన చోటికి పోతోందని చూసి తర్వాత పోకూడని చోటు చూడాలి.

తెలుగు పేర్ల ప్రయోగం

తమ్ముడు ఒక రాత్రి ఫంక్షన్ పేర్లు నిజంగానే తెలుగు లిపిలో పెట్టేసి బ్రాంచ్ తోసాడు. పైథాన్ 3 ఒప్పుకుంటుంది, ముందు "టెస్ట్_" అన్న ముక్క ఒక్కటి ఇంగ్లీషులో ఉంటే పైటెస్ట్ కూడా ఏరుకుంటుంది. నడిచింది! టెర్మినల్‌లో "లింకు డౌన్ అయితే రూట్ మారాలి" అని తెలుగులో పచ్చగా పాస్ అని వస్తే, నిజం చెప్పాలంటే భలే ఉంది.

తర్వాత ఒక్కోటీ బయటపడ్డాయి. మొదటిది, "అప్‌లింకు" అని రాయాలంటే పొల్లు తర్వాత వచ్చే అక్షరం ఒత్తుగా మారకుండా మధ్యలో కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ పడుతుంది, అది పైథాన్ పేర్లలో చెల్లదు, సింటాక్స్ ఎర్రర్, కనపడని అక్షరం ఉంది అంటాడు. కనపడనిదాన్ని ఎలా వెతుకుతాం. రెండోది, పైటెస్ట్‌లో మైనస్ కే పెట్టి పేరు ముక్కతో టెస్టులు ఏరుకోవడం మాకు రోజువారీ పని. అది పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో అక్షరాలకి వాడే గుర్తు మీద ఆధారపడుతుంది, ఆ గుర్తు దృష్టిలో "ల" అక్షరమే గానీ దాని మీద గుడి, కొమ్ము, పొల్లు అక్షరాలు కావు. "లింకు" అని ఇస్తే రెండో అక్షరం దగ్గరే అనుకోని క్యారెక్టర్ అని ఆపీసింది. తాత్కాలిక ఫోల్డర్లకి టెస్టు పేరు పెట్టేటప్పుడు కూడా అదే గుర్తు వాడతారు, గుణింతాలన్నీ పోయి అండర్‌స్కోర్లు మిగిలాయి, చూడటానికే బాధేసింది. పైగా ఒకే టెస్టుని వేరువేరు విలువలతో నడిపేటప్పుడు ఇచ్చే పారామీటర్ల ఐడీలు తెలుగులో ఇస్తే అవి ఎస్కేప్ కోడ్లుగా మారిపోయి వస్తాయి, మార్చుకోడానికి సెట్టింగ్ ఉంది గానీ ఆ సెట్టింగ్ పేరులోనే "కమ్యూనిటీ సపోర్టు మీద హక్కులన్నీ వదులుకుంటున్నాను" అని రాసి ఉంది, తమాషా కాదు, నిజంగా అదే పేరు.

బ్రాంచ్ మూసీసాం. ఫంక్షన్ పేరు ఇంగ్లీషులో, దాని కింద డాక్‌స్ట్రింగ్ (ఫంక్షన్ ఏం చేస్తుందో చెప్పే వివరణ) ఒక లైను తెలుగులో. ఫెయిల్ మెయిల్‌లో మొదటి లైనుగా ఆ తెలుగు వాక్యం వచ్చేలా కాన్‌ఫ్‌టెస్ట్‌లో (పైటెస్ట్ తనంతట తానే చదువుకునే ఫైలు) చిన్న హుక్ రాశాడు తమ్ముడు. అక్కకి ఇది బాగా నచ్చింది. బయటివాళ్ళకి ఫంక్షన్ పేరే ఉంది కదా.

మార్కర్లు, నెమ్మది టెస్టులు

మార్కర్లు తక్కువే ఉంచాం: ఏ డెమన్ కావాలి, బగ్ నంబర్, "నెమ్మది". నెమ్మది అంటే నిజం డిఫాల్ట్ టైమర్లతో నడిచేవి, పాత "రాత్రి" ఇప్పుడు ఇందులోకి వచ్చింది. ఎవరైనా స్పెల్లింగ్ తప్పుగా మార్కర్ పెడితే ఊరుకోకుండా స్ట్రిక్ట్ మార్కర్లు ఆన్ చేశాం. కానీ అది టెస్టు మీద రాసిన మార్కర్లనే పట్టుకుంటుంది, సీఐ (మార్పులు వచ్చినప్పుడు టెస్టులు తనంతట తానే నడిపే ఏర్పాటు) కమాండ్‌లో ఏరుకునేటప్పుడు తప్పు రాస్తే ఏ టెస్టూ దొరకదు అంతే. అప్పుడు పైటెస్ట్ ఎగ్జిట్ కోడ్ 5 ఇస్తుంది, ఏమీ దొరకలేదు అని. మా పాత సీఐ స్క్రిప్టులో ఆ లైను చివర "ఎలా పోయినా సరే" అని తగిలించి ఉంది, అంటే ఫోల్డర్ పేరు మారిన రోజు నుంచి ఒక్క టెస్టూ నడవకపోయినా పచ్చగానే ఉండేది. పేర్లు మార్చే ముందు ఇది తీసెయ్యడం మొదటి పని, ఎవరైనా ఇలాంటి సర్దుడు పెట్టుకుంటే ముందు ఇది చూసుకోండి.

స్లీప్‌లు కూడా తీసీసాం చాలావరకు. పది సెకన్లు పడుకుని చూడటం బదులు సెకనుకోసారి అడిగి, రాగానే ముందుకి పోవడం, ఎఫ్‌ఆర్‌ఆర్ టోపోటెస్టుల్లో దీనికి రన్ అండ్ ఎక్స్‌పెక్ట్ అని ఫంక్షనే ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం నా లాప్‌టాప్ వేడెక్కి నెమ్మదిస్తే స్లీప్ ఉన్న టెస్టులే ముందు పోతున్నాయి.

సాకెట్ దగ్గర ఆగింది

పొడుగు పేర్లకి ఒక దెబ్బ తగిలింది. ప్రతి టెస్టుకీ లాగ్ ఫోల్డర్, టోపాలజీ పేరు కింద ఫైలు పేరు కింద ఫంక్షన్ పేరు కింద రౌటర్ పేరు, అందులోనే డెమన్ కంట్రోల్ సాకెట్ (డెమన్‌తో మాట్లాడటానికి వాడే ఫైలు). నా మెషీన్‌లో నడిచింది, సీఐలో డెమన్ లేవలేదు. యూనిక్స్ సాకెట్ పాత్‌కి లినక్స్‌లో 108 బైట్లే జాగా, సీఐలో వర్క్‌స్పేస్ పాతే సగం తినేస్తోంది. (తెలుగు పేర్లు ఉంచుకుని ఉంటే అక్షరానికి మూడు బైట్లు, ముప్పై ఆరు అక్షరాలకే అయిపోయేది.) పేర్లు కుదించలేదు. సాకెట్లని మాత్రం టీఎంపీ కింద చిన్న ఫోల్డర్లో పెట్టి లాగ్ ఫోల్డర్ నుంచి సింబాలిక్ లింకు ఇచ్చాం.

ఫైళ్ళు కదపడం

గిట్ పేరు మార్పుని ఎక్కడా రాసుకోదు, తర్వాత చూసేటప్పుడు రెండు ఫైళ్ళ పోలిక బట్టి ఇది అదే అని ఊహిస్తుంది, సగానికి సగం పోలితే చాలు డిఫాల్ట్‌గా. అందుకని కదపడం ఒక కమిట్, లోపల మార్చడం ఇంకో కమిట్, రెండూ కలిపితే పాత చరిత్ర తెగిపోతుంది. షెల్ నుంచి పైథాన్‌కి మార్చినవాటికి ఎలాగూ తెగుతుంది, వాటికి కమిట్ మెసేజ్‌లో పాత పేరు రాశాం. పెండింగ్‌లో ఉన్న ప్యాచులన్నీ ముందు కలిపేసి, పంపినవాళ్ళకి చెప్పి, ఒక ఆదివారం అంతా కదిపీసాం. కరెంటు రెండుసార్లు పోయింది, రెండుసార్లూ తమ్ముడు ఫోన్ హాట్‌స్పాట్ మీదే పుష్ చేశాడు.

ఒకటి మాత్రం నష్టమే: సీఐ డాష్‌బోర్డులో ఏ టెస్టు ఎప్పుడెప్పుడు తడబడిందన్న లెక్క టెస్టు పేరు బట్టే ఉంటుంది, పేరు మారితే కొత్త టెస్టు కింద సున్నా నుంచి మొదలు. పాత పేరు, కొత్త పేరు రెండు నిలువు వరసల ఫైలు ఒకటి రెపోలో పెట్టాం, ఎవరికైనా కావాలంటే జతపరుచుకోవచ్చు.

ఇప్పటికి

డీహెచ్‌సీపీ, డీఎన్ఎస్, రూటింగ్ కొత్త చోటుకి వచ్చాయి. నాట్ సగం వచ్చింది. "ఏడురోడ్లు" ఇప్పుడు "నక్షత్రం_7" అయింది, అక్క మాత్రం ఫోన్లో ఇంకా ఏడురోడ్లనే అంటుంది, మేమూ అదే అంటాం. ఐపీవీ6 ప్రిఫిక్స్ డెలిగేషన్ (పై రౌటర్ కింది రౌటర్‌కి అడ్రసుల బ్లాకు ఇవ్వడం) టెస్టులు పాత ఫోల్డర్లోనే ఉన్నాయి, వాటికి పై రౌటర్ పాత్ర ఎవరు వెయ్యాలో తేలలేదు, ఆర్1 అనాలా లేక బైండ్ వాళ్ళ ఏఎన్ఎస్ లాగ ఉత్తుత్తి సర్వర్‌కి వేరే అక్షరం ఇవ్వాలా అని. తమ్ముడు "ఎక్స్" అంటున్నాడు, అక్క "ఎఫ్" అంటోంది, ఫేక్ అని. పరీక్షలయ్యాక వాడు ఖాళీ అవుతాడు, అప్పుడు మొదలెడతాం. ఈలోగా నాట్ టెస్టులు కదపడానికి ఎవరైనా చెయ్యి వేస్తానంటే బొమ్మ గీయడంతో మొదలెట్టండి, కోడ్ తర్వాత.